మధురవాడ గుమ్మంలో విదేశీ సమను

పొద్దున్న పది దాటింది. కార్‌షెడ్ జంక్షన్‌లో జాతీయ రహదారి దాటడానికి మీరు కాసేపు ఆగక తప్పదు. శ్రీకాకుళం వైపు వెళ్లే లారీలు, రుషికొండ ఐటీ కొండల మీదికి మళ్లే కంపెనీ బస్సులు, మధ్యలో ఆటోలు. మీ పక్కన నిలబడ్డ మనిషికి యాభై దాటి ఉంటాయి. భుజాన గుడ్డసంచి, చేతిలో కోర్టు ఇచ్చిన ఫోను. సంచిలో బ్యాంకు దావా నోటీసులున్నాయి, అద్దె తగువు సమను ఉంది, అన్నదమ్ముల భాగాల దావా కాగితం ఉంది. అన్నిటికీ అడుగున ఒక మందపాటి కవరు. అది అమెరికాలో ఒక కౌంటీ కోర్టులో బయల్దేరింది. ఢిల్లీలో న్యాయశాఖ బల్ల మీద ఆగి, విశాఖ జిల్లా కోర్టుకు వచ్చి, సమన్లు పంచే నాజరు విభాగం రిజిస్టరులోకెక్కి, ఇవాళ ఈయన సంచిలో పడింది.

ఈయన ప్రాసెస్ సర్వర్. సమన్లు తెచ్చేవాళ్లనీ జప్తుకు వచ్చేవాళ్లనీ జనం కలిపి అమీనా అనే అంటారు. ఈయన పేరు మనకు అక్కర్లేదు. ఈ నడక ఊహలోదే. కవరు వచ్చిన దారి, దాన్ని నడిపే చట్టం మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

రోడ్డు దాటి మిథిలాపురి కాలనీ వైపు నడవండి. అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్ "ఏ ఫ్లాటండీ?" అని అడుగుతాడు. ఈయన చిరునామా చూపించి, మూడో అంతస్తు అంటాడు. లిఫ్టు పనిచేయడం లేదు. మెట్లెక్కేసరికి ఆయనకు ఆయాసం. బెల్లు కొట్టి రెండడుగులు వెనక్కి జరిగి నిలబడతాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో అలవాటైన మర్యాద అది.

తలుపు తీసింది స్టీల్‌ప్లాంటులో రిటైరైన తండ్రి.

"ఎవరు బాబూ?"

"కోర్టు నుంచండీ మాస్టారూ. అమ్మాయిగారి పేరున కాయితం ఒచ్చింది."

"కోర్టా? మాకు కోర్టుతో ఏటి పని?"

"అమెరికా కోర్టుదండీ. మన కోర్టు ద్వారా ఇత్తన్నాం."

వంటింటి గుమ్మంలో తల్లి ఆగిపోయింది. లోపలి గదిలోంచి అమ్మాయి వచ్చింది, చంకలో బిడ్డ. కవరు ఎవరు పంపారో చూడకుండానే ఆమెకు అర్థమైంది. కొన్నాళ్ల కిందట పురిటికి వచ్చింది. తిరిగి రమ్మని అట్నుంచి పిలుపు రాలేదు, ఈ కాగితం వచ్చింది. మొదటి పేజీ మీద పెద్దక్షరాలతో కోర్టు పేరు, కింద భర్త పేరు, తన పేరు, మధ్యన విడాకుల పిటిషను.

తండ్రి వరుసగా అడుగుతున్నాడు. దీని మీద సంతకం పెడితే విడాకులకు ఒప్పుకున్నట్టేనా? పెట్టకుండా పంపేస్తే ఏమవుద్ది? ఎన్నాళ్లలో జవాబివ్వాలి? ఈ ఇంగ్లీషు మాకెవరు చదివి చెప్తారు?

మీరు ఇప్పుడు ఆ ప్రాసెస్ సర్వర్ మొహం చూడండి. ఆయన వకీలు కాదు, సలహా ఇవ్వకూడదు. అట్లని నోరు మూసుకుని నిలబడితే ఆ ఇంటివాళ్లు భయంతో తలుపేసేస్తారు. ఆయన చెప్పాల్సిన మాటలు నాలుగే. ఈ కాగితం ఏ కోర్టుది. దీన్ని నేనెందుకు తెచ్చాను. మీ సంతకం అందినట్టు గుర్తు మాత్రమే. వెంటనే వకీలును కలవండి. వీటిని తొణక్కుండా చెప్పాలంటే ముందు ఆ ఇరవై పేజీల ఇంగ్లీషులో ఏముందో ఆయనకు తెలియాలి. దాన్ని ఆయనకు ఎవరూ నేర్పలేదు.

హేగ్‌లో 1965 నవంబరు 15న కుదిరిన ఒక ఒప్పందం ఈ కవరును ఇంత దూరం నడిపించింది. ఒక దేశపు కోర్టు కాగితాన్ని మరో దేశంలోని మనిషికి ఎలా అందజేయాలో చెప్పే ఒప్పందం అది. భారతదేశం 2006 నవంబరు 23న అందులో చేరింది. 2007 ఆగస్టు 1 నుంచి మనకు అమల్లో ఉంది. చేరేటప్పుడే మన దేశం గట్టిగా కొన్ని షరతులు పెట్టింది. విదేశీ వకీలు సమనును నేరుగా పోస్టులో పంపడానికి ఒప్పుకోలేదు. అభ్యర్థన ఢిల్లీలోని కేంద్ర న్యాయ మంత్రిత్వ శాఖకే రావాలి, ఇంగ్లీషులో ఉండాలి, లేదంటే ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. అందువల్ల జర్మనీ కాగితమైనా, జపాను కాగితమైనా మధురవాడకు వచ్చేసరికి ఇంగ్లీషు కాగితమే. అందుకునే మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలన్న షరతు మాత్రం ఎక్కడా లేదు.

ఐరోపాలో ఈ విషయంలో ఇంకో అడుగు ముందుకు వేశారు. 2022 జూలై 1 నుంచి అమల్లో ఉన్న అక్కడి నిబంధన ప్రకారం, కాగితం తనకు అర్థమయ్యే భాషలోనూ లేక, తానుండే చోటి అధికార భాషలోనూ లేకపోతే, అందుకున్న మనిషి దాన్ని అక్కడే తిరస్కరించవచ్చు, రెండు వారాల్లోపు రాతపూర్వకంగానూ తిరస్కరించవచ్చు. ఆ హక్కు ఉందని చెప్పే ఫారం కూడా కాగితంతో పాటే ఇవ్వాలి. మన మూడో అంతస్తు గుమ్మంలో ఆ హక్కు లేదు. కాబట్టి కాగితం తెచ్చినవాడు చెప్పే నాలుగు తెలుగు ముక్కలకే అక్కడ అంత విలువ.

అమ్మాయి సంతకం పెట్టింది. ఇప్పుడు ఆయన తన వంతు రాయాలి. కాగితం వెనక, మోకాలి మీద సంచి పెట్టుకుని, నిలబడే రాస్తాడు. ఆ రాతను కోర్టువాళ్లు ఎండార్స్‌మెంట్ అంటారు. ఎప్పుడు ఇచ్చాడు, ఎక్కడ ఇచ్చాడు, ఎవరికి ఇచ్చాడు, ఎలా ఇచ్చాడు, అందుకున్న మనిషిని ఎవరు గుర్తించి చూపించారు. ఇచ్చిన సమయం, పద్ధతి, గుర్తించినవారి పేరు రాయమని సివిల్ ప్రొసీజర్ కోడ్ 5వ ఆర్డరు 18వ రూలు అంటుంది. హేగ్ ఒప్పందపు ఫారంలోని సర్టిఫికెట్టు తేదీ, చోటు, పద్ధతి అడుగుతుంది. అందుకున్న మనిషి ఎవరు, అసలు వ్యక్తికి ఏమవుతారు అన్నదానికి ప్రత్యేకంగా గడి ఉంటుంది. ఈ రాత ఆధారంగా ఆ సర్టిఫికెట్టు నింపుతారు. అది ఢిల్లీ మీదుగా అమెరికా జడ్జి బల్లమీదికి వెళ్తుంది. మధురవాడను ఆ జడ్జి ఎన్నడూ చూడడు. ఈ గుమ్మంలో ఏం జరిగిందో ఆయనకు తెలిసే దారి ఆ రెండు మూడు వాక్యాలే. "ఇంట్లోవాళ్లకు ఇచ్చాను" అని వంకర ఇంగ్లీషులో రాసి ఊరుకుంటే, అమ్మాయికి చేరిందో లేదో తేలక కేసు అక్కడే చిక్కుపడుతుంది. ఇంకా ఘోరం, ఆమెకు చేరకపోయినా చేరినట్టు నమోదై, ఆమె మాట వినకుండానే తీర్పు వచ్చేస్తుంది.

కోర్టు ఫోను సంగతి కూడా చెప్పాలి. ఎన్‌స్టెప్ అనే ఏర్పాటులో ప్రాసెస్ సర్వర్ ఇంటి ముందు నిలబడగానే ఆ చోటు జీపీఎస్‌లో నమోదవుతుంది. ఫొటో తీయవచ్చు, తెర మీదే సంతకం తీసుకోవచ్చు. వెళ్లకుండానే "తాళం వేసి ఉంది" అని రాసేస్తారన్న ఫిర్యాదు పాతది, దానికి ఇది మంచి మందు. అయితే ఫోను చెప్పేది మనిషి ఎక్కడ నిలబడ్డాడన్నది ఒక్కటే. తలుపు దగ్గర ఏం మాట్లాడాడో, ఏం రాయాలో దానికి తెలియదు.

కిందికి దిగి రెండు వీధులు దాటండి, కొమ్మాది వైపు. ఇక్కడ కాగితం ఎదురు దిశలోది. విశాఖ ఫ్యామిలీ కోర్టులో భార్య వేసిన మనోవర్తి కేసు. భర్త చిరునామా అంటూ రాసింది అతని తల్లిదండ్రుల ఇల్లు. తల్లి గేటు దగ్గరికి వచ్చి, "మా అబ్బాయి డల్లాస్‌లో ఉన్నాడు బాబూ, నాకిచ్చేయండి, నేను ఫోన్‌లో చెప్తాను" అంటుంది. చాలా సులువుగా కనిపించే దారి. 5వ ఆర్డరు 15వ రూలు ఇంట్లో పెద్దవాళ్లకు, ఆడైనా మగైనా, ఇవ్వొచ్చని అంటోంది కదా అనిపిస్తుంది. కానీ ఆ రూలు ఆ ఇంట్లో కాపురముంటూ అప్పటికి ఇంట్లో లేనివాడికోసం, తొందరలో దొరికే అవకాశం లేనివాడికోసం. డల్లాస్‌లో స్థిరపడ్డవాడికి ఈ ఇల్లు నివాసం కానే కాదు. ఆమెకు ఇచ్చేసి "అందింది" అని రాస్తే కేసు ఏకపక్షంగా తేలిపోవచ్చు, ఏళ్లు గడిచాక అతను వచ్చి నాకు సమను అందలేదని నిరూపించి ఆ డిక్రీ కొట్టేయించుకోవచ్చు. అన్నాళ్లూ భార్య, బిడ్డ ఎదురుచూస్తూనే ఉంటారు. "ప్రతివాది విదేశంలో నివసిస్తున్నట్టు తల్లి చెప్పింది, చిరునామా ఇది" అని స్పష్టంగా రాసి తెస్తే, కోర్టు అదే వారం హేగ్ ఫారం నింపించి అమెరికాకు పంపించగలదు. ఆ ఒక్క వాక్యం రాయడం తెలియడమే శిక్షణ. దాని విలువ ఎంతో ఆ భార్యకు తెలుసు.

ఇలాంటి విదేశీ కాగితాల విషయంలో మన తెలుగు ఇళ్లకు సంబంధించిన పెద్ద తీర్పే ఉంది. 1975లో తిరుపతిలో పెళ్లి చేసుకున్న జంట అది. భర్త అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టులో విడాకులు తెచ్చుకున్నాడు. 1991లో సుప్రీంకోర్టు ఆ విడాకులు ఇక్కడ చెల్లవంది. హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లిని రద్దు చేసే అధికారం ఆ కోర్టుకు లేదంది. భార్యకు నోటీసు అందడం ఒక్కటే చాలదు, ఆమె తన ఇష్టంతో ఆ కోర్టు ముందుకు వెళ్లి వాదన వినిపించి ఉండాలని చెప్పింది. సరైన ధ్రువీకరణ లేని జిరాక్సు తీర్పును సాక్ష్యంగా తీసుకోనంది. మిథిలాపురి తండ్రి అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు అప్పుడే దొరికింది. కాగితం అందుకుని సంతకం పెట్టడం ఒకటి, ఆ కోర్టుకు తలవంచడం ఇంకొకటి.

కోర్టు కాగితం సరిహద్దులు దాటే పని ఇళ్ల గుమ్మాల్లోనే కాదు, రేవులోనూ ఉంది. ఇప్పుడు ఊరి అవతలి చివరకు, హార్బరుకు పదండి. కాలం కూడా వెనక్కి తిప్పాలి. 1984 ఏప్రిల్ 13. విశాఖ రేవులోకి ఎం.వి. ఎలిజబెత్ అనే విదేశీ ఓడ వచ్చి ఆగింది. ఆ ఫిబ్రవరి 8న అది గోవాలోని మార్ముగోవా రేవు నుంచి సరుకుతో బయల్దేరింది. సరుకు ఓడకెక్కినట్టు ఎగుమతిదారుకు ఇవ్వాల్సిన పత్రం, బిల్ ఆఫ్ లేడింగ్, ఇవ్వకుండానే వెళ్లిపోయింది. కొన్నవాడు డబ్బు కట్టలేదు, సరుకు అప్పగించొద్దని ఎగుమతిదారు మొత్తుకున్నా అరేబియా తీరాన రస్ అల్ ఖైమాలో దించేసింది. రెండు నెలలు తిరిగి తిరిగి మన రేవుకు వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఉత్తర్వుతో దాన్ని అరెస్టు చేశారు.

ఓడను అరెస్టు చేయడమంటే ఏమిటో గ్యాంగ్‌వే దగ్గర నిలబడి చూడండి. కోర్టు వారంటు ప్రతిని ఓడ నడిపే గది దగ్గరో, అందరికీ కనిపించే చోటో అంటిస్తారు. మాస్టరుకు, అంటే ఓడ కెప్టెనుకు, ఒక ప్రతి ఇస్తారు. పోర్టు అధికారులకూ కస్టమ్స్‌కూ ఉత్తర్వు వెళ్తుంది. కోర్టు చెప్పేవరకు లంగరు ఎత్తడానికి లేదు. మాస్టరు ఫిలిప్పీన్స్ మనిషి కావచ్చు, ఉక్రెయిన్ మనిషి కావచ్చు. కాగితం పట్టుకెళ్లినవాడు ఏ హోదాలో వచ్చాడో, ఏ కోర్టు తరపున వచ్చాడో, ఓడ ఎందుకు కదలకూడదో అతనికి ఇంగ్లీషులోనే చెప్పాలి.

ఎలిజబెత్ యజమానులు నిరసన తెలుపుతూనే 14 లక్షల 25 వేల రూపాయల బ్యాంకు గ్యారంటీ ఇచ్చి ఓడను విడిపించుకున్నారు. తర్వాత, అసలు ఆంధ్ర హైకోర్టుకు ఓడలను పట్టే అధికారమే లేదని వాదించారు. అది కలకత్తా, బొంబాయి, మద్రాసు కోర్టులకు బ్రిటిష్ చట్టాలు ఇచ్చిన అధికారం అన్నారు. 1992 ఫిబ్రవరి 26న సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. స్వతంత్ర దేశపు హైకోర్టు తన నీళ్లలోకి వచ్చిన విదేశీ ఓడ మీద విచారణ జరపగలదని తేల్చింది. దేశంలో ఓడల చట్టం చదివేవాళ్లకు తప్పనిసరి తీర్పు ఇది, ఆ ఓడ ఆగింది మన రేవులోనే. ఆ దారిలోనే 2017లో పార్లమెంటు కొత్త అడ్మిరాల్టీ చట్టం చేసింది. 2018 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఓడ మీద తీర్చాల్సిన బాకీల్లో మాస్టరు, సిబ్బంది జీతాలకు ఆ చట్టం మొదటి చోటిచ్చింది. జీతం అందని నావికుడికి ఆ వారంటే ఆశ.

రేవు పక్కన నిలబడ్డారు కాబట్టి ఇంకో సంగతి. 2001లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ నావికులకోసం కొన్ని స్థిరమైన ఇంగ్లీషు వాక్యాలను ఆమోదించింది. కొరియా కెప్టెను విశాఖ పైలట్‌తో మాట్లాడినా, గ్రీకు మేటు సింగపూర్ కంట్రోల్ గదితో మాట్లాడినా ఆ వాక్యాలే. వాటిలో అలంకారాలు లేవు. ఒక మాటకు ఒకటే అర్థం. షేక్‌స్పియర్ చదవనివాళ్లు కూడా వాటితో లక్ష టన్నుల ఓడను రేవులోకి తెస్తారు. కోర్టు సిబ్బందికి కావాల్సింది అచ్చం ఇలాంటి ఇంగ్లీషే అని నా గట్టి నమ్మకం. చట్టపు ఇంగ్లీషు అంటే లాటిన్ ముక్కలు బట్టీ పట్టించడమనుకుంటే ఆ శిక్షణ మొదటి రోజే చచ్చిపోతుంది.

ఐరోపాలో ఈ పని జరిగింది. జర్మనీలోని ట్రియర్ నగరంలో 1992లో మొదలైన యూరోపియన్ న్యాయ అకాడమీ కోర్టు గుమస్తాలకు, బెయిలిఫ్‌లకు సరిహద్దులు దాటే వ్యాజ్యాల చట్టాన్నీ దానికి కావాల్సిన ఇంగ్లీషునూ కలిపి నేర్పింది. విడివిడిగా నేర్పితే పనికిరాదని వాళ్లకు అర్థమైంది. ఫ్రాన్సులో అయితే సమను అందించే అధికారి స్వయంగా న్యాయశాస్త్రం చదివినవాడే.

మన దగ్గర అలాంటి తరగతి ఎలా ఉండాలో చూద్దాం. మే నెల, సివిల్ కోర్టులకు వేసవి సెలవులు. మధురవాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ గది. మీరు వెనక బెంచీలో కూర్చోండి. ముందు వరుసల్లో ప్రాసెస్ సర్వర్లు, ఫీల్డ్ అసిస్టెంట్లు, నాజర్లు, జూనియర్ అసిస్టెంట్లు. పాఠం తెలుగులోనే. చేతుల్లో ఖాళీ హేగ్ ఫారాలు. వ్యాకరణంతో మొదలు పెట్టరు. ఫారం నింపడంతో మొదలు పెడతారు. తర్వాత ఒకరు తండ్రి వేషం, ఒకరు అమీనా వేషం వేస్తారు. "సంతకం పెడితే ఒప్పుకున్నట్టేనా?" అని తండ్రి అడుగుతాడు. అమీనా జవాబు చెప్పాలి, ఎండార్స్‌మెంట్ ఇంగ్లీషులో రాయాలి. పక్కవాడు అమెరికా జడ్జిలా చదివి, "తీసుకున్నది ఎవరు?" అని నిలదీయాలి. ఆ ప్రశ్నకు కాగితం జవాబు చెప్పేవరకు తిరగరాయాలి.

మధ్యాహ్నం దుబాయ్ కాగితం. 2020 జనవరి 17న మన ప్రభుత్వం యూఏఈని పరస్పర గుర్తింపు ఉన్న దేశంగా ప్రకటించింది. గల్ఫ్‌లో చేసిన అప్పు మీద అక్కడి కోర్టు ఇచ్చిన డిక్రీని ఆనాటి నుంచి సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్ కింద నేరుగా జిల్లా కోర్టులోనే అమలు పెట్టవచ్చు. బ్రిటన్, సింగపూర్ డిక్రీలకు ఈ దారి ముందే ఉంది. అమెరికా డిక్రీలకు లేదు, వాటి మీద ఇక్కడ మళ్లీ దావా వేయాల్సిందే. డిక్రీ దుబాయ్‌దైనా జప్తు హద్దులు మాత్రం మనవే. పొద్దుగూకాక, పొద్దు పొడవకముందు చరాస్తుల జప్తుకు ఇంట్లో కాలు పెట్టకూడదు. కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, ఆచారం ప్రకారం ఆడమనిషి ఒంటి నుంచి తీయకూడని నగలు, చేతివృత్తివాడి పనిముట్లు ముట్టుకోకూడదు. అదే కోడ్‌లోని 60, 62 సెక్షన్లు ఇవి. పాత అమీనాలకు ఇవి కంఠతా వచ్చు. విదేశీ ముద్ర చూసి కొత్తవాళ్లు కంగారుపడి వీటిని మరిచిపోకుండా చూడటమే ఆ పూట పాఠం.

ఇలాంటి తరగతికి కావాల్సినవన్నీ దగ్గర్లోనే ఉన్నాయి. సబ్బవరంలో 2008లో పెట్టిన దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. మంగళగిరి దగ్గర రాష్ట్ర జ్యుడీషియల్ అకాడమీ ఉంది. విదేశీ క్లయింటుకు సూటిగా మెయిల్ రాయడం కుర్రాళ్లకు నేర్పే శిక్షకులు ఇక్కడి ఐటీ కంపెనీల్లోనే ఉన్నారు. ఓడల కాగితాల మీద బతికే షిప్పింగ్ ఏజెంట్లు రేవులో ఉన్నారు. వీళ్లందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, తరగతికి వచ్చిన సిబ్బందికి డ్యూటీ కింద లెక్కగట్టే ఉత్తర్వు ఒక్కటి కావాలి. ఆ ఉత్తర్వు హైకోర్టు ఇవ్వాలి. రేవు, విమానాశ్రయం, ఇంటికొకరు విదేశంలో ఉన్న కాలనీలు కలిసి ఉన్న విశాఖతో మొదలు పెట్టాలి.

అది జరిగేలోపు, చదువుతున్న మీకు ఒక మాట. మీ గుమ్మంలోకి విదేశీ కోర్టు కాగితం వస్తే తలుపు వేయకండి. తెచ్చినాయన గుర్తింపు కార్డు చూడండి, కాగితం తీసుకోండి, అందుకున్న తేదీ రాసి సంతకం పెట్టండి. మీరు తీసుకోకపోతే దాన్ని తలుపుకు అంటించి వెళ్లే అధికారం ఆయనకుంది, కేసు అక్కడ ఆగదు. ఆ వారంలోనే వకీలును కలవండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ఇచ్చిన హక్కు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లవచ్చు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు.